స్కూట్ ఇరవై, మిడిల్ నలభై

మా ఇంట్లో పేకకు మూడు పేర్లు. అవ్వ ముక్కలు అంటుంది. ఎట్టయాపురం వీధిలో అందరూ సీట్టు అంటారు కాబట్టి నాయన తరం వాళ్లకూ అది సీట్టే. కర్ణాటకలో పెరిగి కన్నడ బడిలో చదువుకున్న మాకు మాత్రం కట్ట మొత్తం ఇస్పీటు. అవ్వ లెక్కలో ఇస్పేటు అంటే నాలుగు రంగుల్లో ఒకటి, పదమూడు ముక్కలు, అంతే. సెలవులకు వచ్చి "ఇస్పీట్ ఆడదామా అవ్వా" అని మేము అడిగితే "మిగతా మూడు రంగులూ ఏం పాపం చేసినాయి రా" అనేది.

కళావరు, ఆఠీను మాత్రం అందరికీ ఒకటే. అవి డచ్చి మాటలు, క్లావర్, హార్టెన్. డచ్చివాళ్లు మచిలీపట్నంలో వర్తకం చేసినారు, 1658లో తూత్తుకుడిని పోర్చుగీసువాళ్ల చేతినుంచి గుంజుకున్నారు. వాళ్ల కోటలు పోయినాయి, పేకలో రెండు పేర్లు మిగిలినాయి.

ఈసారి రాయాలనుకున్నది మా ఇంటి రమ్మీ గురించి. అందులోనూ ఒకే ఒక్క సంగతి: పదమూడు ముక్కలు చేతికి వచ్చినాక, ఇంకా ఒక్క ముక్క కూడా ఎత్తకముందు, ఈ ఆట ఆడాలా వదలాలా అనేది. పిల్లలు పండగలో అడిగినారు. ఇంకో కారణం కూడా ఉంది, అది తరవాత.

దూరంగా ఉన్న చుట్టాలకు ఊరి గురించి రెండు మాటలు. ఎట్టయాపురం కోవిల్‌పట్టి పక్కన, నల్లరేగడి నేల. తెలుగు నాయకుల జమీన్. సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టింది ఇక్కడే. ముత్తుస్వామి దీక్షితులు 1835లో దీపావళినాడు కన్నుమూసిందీ ఇక్కడే, ఆయన సమాధి ఉంది. సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని 1904లో తెలుగు లిపిలో అచ్చువేయించింది ఈ ఊళ్లోనే. తమిళనాడులో ఇంత లోపల తెలుగు అచ్చయిందంటే మా బెంగళూరు స్నేహితులు నమ్మరు. ఇప్పుడు ఇక్కడ ఆ లిపి చదవగలిగేవాళ్లు తక్కువ. మేము కూడా కన్నడ అక్షరాల సాయంతో నేర్చుకున్నవాళ్లమే, తలకట్టు ఒక్కటి మారితే చాలావరకు చదివేయొచ్చు.

పేక మా ఇంట్లో బయటికి వచ్చేది దీపావళి మధ్యాహ్నం, తర్వాత పొంగలికి. తిన్నె మీద చాప. చుట్టూ అగ్గిపెట్టెల ఊళ్లు కదా, పందెం అగ్గిపుల్లలు. తలా పది పుల్లలు మధ్యలో పెట్టాలి. ఆట పేరు సిండికేట్. రెండు పేకలు కలిపి 106 ముక్కలు, జోకర్లు రెండూ చేర్చి. కోసినప్పుడు వచ్చిన ముక్క ఏ అంకె అయితే ఆ అంకె ముక్కలన్నీ జోకర్లే. ప్రతి ఆటలో ఓడినవాళ్ల చేతిలో మిగిలినది కూడుతూ పోతారు, 101 చేరినవాళ్లు లేచి పోవాలి. చివరిదాకా కూర్చున్నవాళ్లవి పుల్లలు.

జోకరు లేని వరుస ఒకటి తప్పకుండా ఉండాలి. దాన్ని లైఫ్ అంటారు. లైఫ్ లేకుండా చిక్కితే చేతిలో ఏమున్నా అన్ని ముక్కలూ లెక్కకు వస్తాయి, 80 దాకా. ఆసు, రాజు, రాణి, జాకీ తలా పది. అంకెల ముక్కలకు వాటి అంకె. జోకరుకు సున్నా. మొదటి ముక్క ఎత్తకముందే వదిలేస్తే స్కూట్, 20. ఒకటి ఎత్తినాక వదిలితే మిడిల్, 40. పట్టణాల్లో దీన్నే డ్రాప్ అంటారు.

ఇక అవ్వ పాఠం. ముక్కలు సర్దుకునేటప్పుడు పిల్లలందరూ మొదట జోకర్లు లెక్కపెడతారు. అవ్వకు అది నచ్చదు. "జోకరు పెళ్లికి వచ్చిన చుట్టం. ముందు పెళ్లికూతురు ఉందా చూడు" అంటుంది. జోకరు లైఫ్‌లో పనికిరాదు కదా. రెండు జోకర్లు పెట్టుకుని, లైఫ్‌కు దారి లేని చెయ్యి ఆడేవాడే ఎక్కువగా 80 తింటాడు. చెయ్యి బాగుందన్న ధైర్యంతో కూర్చుంటాడు, లేవడు.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరు ఏం చెప్పినా ఒకసారి పరీక్షించి చూడడం అలవాటైపోయింది. అవ్వ మాట నిజమా అని లెక్క వేసినాము. కోత ముక్క పక్కన పెడితే 105 ముక్కల్లో 9 జోకర్లు (కోసింది మామూలు అంకె ముక్క అనుకుంటే). పదమూడు ముక్కల్లో ఒక్క జోకరూ రాని చేతులు నూటికి 29. ఒక్కటి వచ్చేవి 40. రెండు, అంతకంటే ఎక్కువ వచ్చేవి 31. అంటే జోకరు రావడం పెద్ద అదృష్టం ఏమీ కాదు, నూటికి 71 చేతుల్లో వస్తుంది. ఎదుటివాళ్లకూ వచ్చి ఉంటుంది.

పంచిన చేతిలో ముక్కల విలువ సగటున 86. జోకర్లకు సున్నా వేసినా 86. కాబట్టి మొదట్లోనే ఎవరైనా షో చేసేస్తే, లైఫ్ లేనివాడికి చాలాసార్లు ఫుల్ కౌంటే. 20కీ 80కీ మధ్య ఏదో పడుతుందిలే అనుకోవడం కుదరదు.

ఇంక లైఫ్‌కు దారి. ఇస్పేటు ఆరు, ఏడు ఉన్నాయనుకోండి. అయిదు వచ్చినా ఎనిమిది వచ్చినా సరే, రెండు పేకలు కాబట్టి నాలుగు ముక్కలు పనికొస్తాయి. అదే అయిదు, ఏడు ఉంటే ఆరు ఒక్కటే కావాలి, రెండు ముక్కలే. ఆసు, రెండు ఉన్నా అంతే, మూడు కోసం కూర్చోవాలి. కనపడని 91 ముక్కల్లోనుంచి అయిదుసార్లు ఎత్తితే, నాలుగు ముక్కల దారికి నూటికి 21 సార్లు లైఫ్ పడుతుంది. రెండు ముక్కల దారికి 11. ఆరు-ఏడు లాంటి జతలు వేరువేరు చోట్ల రెండుంటే 38. ఎదుటివాళ్లు వేసే ముక్కలు ఎత్తుకోవడం ఈ లెక్కలో లేదు, అది కలిపితే ఇంకా పెరుగుతుంది. కానీ జతలు ఎన్ని ఉన్నాయి, వాటికి రెండు వైపులా తలుపులు తెరిచి ఉన్నాయా అన్నది జోకర్ల సంఖ్య కంటే ముఖ్యం. అవ్వ లెక్క రాయకుండా చెప్పినదీ అదే. "మధ్యముక్కలు ఉంచుకో, అంచుముక్కలు నమ్ముకోవద్దు."

అంచుల సంగతికి వస్తే, మా పనిలో తప్పులు ఎప్పుడూ అంచుల దగ్గరే దొరుకుతాయి. 101 ఆటలో కూడా అంతే. సున్నా దగ్గర మొదలుపెట్టినవాడికి అయిదు స్కూట్లు ఉంటాయి. అయిదు కొడితే 100, ఇంకా ఆటలో ఉన్నట్టే. లెక్క 40 మీద ఉంటే మూడు స్కూట్లు మిగిలినాయి: 60, 80, 100. అదే 41 మీద ఉంటే రెండే, ఎందుకంటే మూడోది 101. ఒక్క పాయింటు ఒక స్కూట్‌ను తినేసింది! కాబట్టి ఓడే ఆటలో కూడా చేతిలో 18తో చిక్కడం, 21తో చిక్కడం ఒకటి కాదు. చివరి నిమిషంలో రాణిని వేయాలా ఆరును వేయాలా అనేది అప్పుడు వంటకు ఉప్పు వేసినంత జాగ్రత్తగా చూడాలి. మా తాత కాగితం మీద అందరి లెక్కల పక్కన చుక్కలు పెట్టేవాడు, ఎవరికి ఎన్ని స్కూట్లు ఉన్నాయో. పాయింట్లు చూడడు, చుక్కలే చూస్తాడు. ఎదుటివాడి చుక్కలు అయిపోతే వాడు చెత్త చెయ్యి వచ్చినా ఆడక తప్పదు. అప్పుడు మనం మామూలుగా వదిలే చెయ్యి కూడా కొంచెం ధైర్యంగా ఆడొచ్చు.

ఎదుటివాడికి కావలసిన ముక్క తెలిసో తెలియకో వేస్తే ఊళ్లో "ఎట్టప్పన్ పని" అని ఎగతాళి చేస్తారు. 1959లో శివాజీ గణేశన్ కట్టబొమ్మన్ సినిమా వచ్చినప్పటినుంచి తమిళంలో ఆ పేరు ద్రోహికి వాడుక అయిపోయింది. కట్టబొమ్మన్ తెలుగువాడే, ఎట్టప్పన్ తెలుగువాడే. ఊరి పేరులోనే ఆ పేరు పెట్టుకుని బతికేవాళ్లకు అది అంత నవ్వు వచ్చే మాట కాదు. మా తిన్నె మీద ఆ మాట అంటే తాత రెండు పుల్లలు జరిమానా వేసేవాడు.

పంపకం గురించి చెప్పాలి. ఆటలో మిగిలినవాళ్లందరూ 80 దాటిపోతే ఎవరికీ స్కూట్ ఉండదు. అప్పుడు తాత పేక మూసేసేవాడు. "ఇంక ఎవడికి ఏ చెయ్యి వస్తే అది ఆడాల్సిందే. అది ఆట కాదు, వాన కోసం చూడడం. పంచుకోండి" అనేవాడు. మధ్యలోని పుల్లలు సమంగా పంచుతారు. స్కూట్లు ఇంకా ఉండగానే ఇద్దరూ ఒప్పుకుని ఆపితే లెక్క వేరు. ఆరుగురు ఆడితే అరవై పుల్లలు. ఒకరు 40లో, ఒకరు 80లో ఉన్నారనుకోండి. ముందు ఎవరి పది వాళ్లు తీసుకుంటారు. మిగిలిన నలభై చుక్కల ప్రకారం, మూడుకు ఒకటి, ముప్పై, పది. అంటే ఇంకా వదిలే హక్కు ఎవరికి ఎంత ఉందో దాని ధర అది.

బెంగళూరులో మా ఆఫీసు స్నేహితుడు ఒకడు ఏడు ముక్కల స్టడ్ పోకర్ నేర్పినాడు, హై-లో అనే రకం. మధ్యలో డబ్బు రెండు భాగాలు. సగం పెద్ద చేతికి, సగం చిన్న చేతికి. చిన్నది అంటే ఎనిమిది, అంతకు లోపల, వేరువేరు అంకెల అయిదు ముక్కలు. మొదట మూడు ముక్కలు ఇస్తారు, రెండు మూసి ఒకటి తెరిచి. అక్కడే ఆడాలా వదలాలా అని తేల్చుకోవాలి. ఒకే రంగులో ఆసు, రెండు, మూడు వస్తే అది మంచి చెయ్యి, ఎందుకంటే రెండు సగాలకూ దారి ఉంది. ఆసు చిన్నదీ అవుతుంది పెద్దదీ అవుతుంది. చూడ్డానికి బలంగా కనిపించే రాజుల జతకు మామూలుగా ఒకే సగానికి దారి. మొత్తం డబ్బు పెట్టి సగం కోసం ఆడినట్టు. చుట్టూ చిన్న ముక్కలు తెరుచుకుని ఉంటే ఆ రాజులను కూడా వదిలేయాలట. ఇంకో సంగతి, ఎదుటివాళ్ల ముందు తెరిచి ఉన్న ముక్కలు చూసి మనకు కావలసినవి ఇంకా కట్టలో ఉన్నాయా పోయినాయా అని చూసుకోవాలి.

వింటుంటే మాకు అవ్వ గొంతే వినిపించింది. రెండు వైపులా తలుపు ఉన్న చెయ్యి ఆడు, మెరిసే ముక్కను చూసి కూర్చోవద్దు. ఊరికి వచ్చి అవ్వకు చెబితే "మూడు ముక్కలకే తెలిసిపోతుందా? మంచి ఆటే, తొందరగా అయిపోతుంది" అంది.

ఇప్పుడు ఇంకో కారణం. మా చిన్నాయన కొడుకు, మాకు తమ్ముడు వరుస, మా అందరిలోకీ స్కూట్ బాగా తెలిసినవాడు. తాత చుక్కల కాగితం వాడి తలలోనే ఉండేది. చెత్త చెయ్యి వస్తే ముఖం మారకుండా దించేవాడు. మిల్లులో రాత్రి డ్యూటీ చేసేటప్పుడు ఫోన్‌లో ఒక యాప్‌లో ఆడడం మొదలుపెట్టినాడు. చెల్లెలి పెళ్లికని మూడేళ్లు కట్టిన సీట్టు డబ్బు అందులో పోయింది. తమిళంలో చీటీ పాటకూ పేకకూ మాట ఒకటే. సీట్టు సీట్టులో పోయిందని వీధిలో అన్నారు, ఆ మాట చిన్నాయన చెవిన పడింది.

వాడు ఆట తెలియక పోగొట్టుకోలేదు. అదే మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. వాడి ఫోన్‌లోని లెక్కలు వాడే చూపించినాడు. చెడ్డ చేతులు వదిలినాడు, మంచివే ఆడినాడు. కానీ వాడు ఆడింది సిండికేట్ కాదు, పాయింట్ల ఆట. అందులో 101 లేదు. ఒక చెయ్యి అయిపోతే లెక్క తీరిపోతుంది, కొత్త చెయ్యి వెంటనే వస్తుంది. పాయింటుకు రూపాయి అనుకుంటే స్కూట్‌కు ఇరవై రూపాయలు. రాత్రికి నలభై స్కూట్లు కొడితే ఎనిమిది వందలు, అన్నీ సరైన నిర్ణయాలే! గెలిచినప్పుడు వచ్చేదానిలో యాప్ వాటా పోతుంది. మా తిన్నె మీద స్కూట్‌కు విలువ ఎందుకంటే అవి అయిదే ఉన్నాయి. ఆరోది లేదు, ఆరోది అంటే లేచి కాఫీ తాగడమే. ఫోన్‌లో ఆరోది ఉంది, అరవయ్యోది ఉంది. చుక్కలు పెట్టే తాత లేడు. నువ్వు ఎన్నో చెయ్యి ఆడుతున్నావో చూసేవాళ్లు ఎవరూ లేరు.

కోర్టుల్లో కూడా ఈ ఆట గురించి చాలా నడిచింది. సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వేయాలో తెలియాలి, కాబట్టి నైపుణ్యం ఎక్కువ అని. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ రమ్మీని ఆపినాయి. తమిళనాడు చట్టాన్ని మద్రాసు హైకోర్టు 2021 ఆగస్టులో కొట్టేసింది. 2022లో మళ్లీ చట్టం చేస్తే, 2023 నవంబరులో రమ్మీ, పోకర్ నైపుణ్యపు ఆటలే కాబట్టి వాటికి ఆ నిషేధం చెల్లదని అదే కోర్టు అంది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, ఆపేస్తూ చట్టం చేసింది.

నైపుణ్యం ఉందన్న మాటతో మాకు పేచీ లేదు. పైన అంతా రాసింది దాని గురించే. ఒక చెయ్యి ఆడాలా వదలాలా అన్నదాంట్లో నైపుణ్యం ఉంది. ఈ రాత్రికి ఎన్ని చేతులు చాలు అన్నది ఆ ఆటలో ఎక్కడా రాసి లేదు, పేక అది నేర్పదు. మా ఇంట్లో అది తిన్నె నేర్పింది. దీపం పెట్టేవేళ అయితే చాప ఎత్తేయాలి.

ఆ ఏడు దీపావళికి చిన్నాయన పేకను బీరువాలో పెట్టి తాళం వేసినాడు. ఇంట్లో ఇంక సీట్టు లేదన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు, చెప్పే పరిస్థితి కాదు. తరవాతి ఏడు కూడా అంతే. మూడో ఏడు అవ్వే అడిగింది. "పిల్లోళ్లు ఎట్లా అయినా నేర్చుకుంటారు. నా దగ్గర నేర్చుకుంటే అయిదు స్కూట్లకు ఆపుతారు. ఫోన్ దగ్గర నేర్చుకుంటే?" చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. మేము అవ్వ పక్షమే. కానీ డబ్బు పోయింది మాది కాదు, చిన్నాయనది. పక్షం తీసుకోవడం మాకు సులభం.

తాళం తీసినాడు గానీ ఆయన తిన్నె మీదికి రాలేదు. ఇప్పటికీ ఆట జరిగేటప్పుడు పెరట్లో కూర్చుంటాడు. తమ్ముడు కూర్చుంటాడు, ఆడడు. పేక కలుపుతాడు, పంచుతాడు, కాగితం మీద తాత మాదిరి చుక్కలు పెడతాడు. పిల్లలు ముక్కలు వాడికి చూపించి "బాబాయ్, ఆడొచ్చా" అని అడుగుతారు. వాడు ముక్కలు చూస్తాడు, లైఫ్ ఎక్కడ అని అడుగుతాడు, జవాబు మాత్రం చెప్పడు. బాకీ ఇంకా కొంత ఉంది, నెల నెలా కడుతున్నాడు. చెల్లెలి పెళ్లి ఈ తై నెలకు కుదిరింది.

పాత పేకలో కళావరు తొమ్మిది ఒకటి కనపడడం లేదు. బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు రెండు కొత్త కట్టలు తెమ్మని అవ్వ చెప్పి పంపింది. ప్లాస్టిక్‌వి వద్దంట, జారిపోతాయంట.